పదకొండో నొక్కు

నవంబరు ఎనిమిది, శనివారం. పొద్దున ఏడున్నరకు ఫోను మోగింది. తెర మీద ‘స్టూడియో చిచ్చా’ అని పేరు వచ్చింది. చిచ్చా పోయి అప్పటికి నాలుగో రోజు. నిన్ననే మూడో రోజు ప్రార్థనలు, జియారత్ అయింది. నా చేతిలోంచి ఫోను జారి ఉప్మా పళ్లెంలో పడింది. తీసి తుడిచి చెవికి పెట్టుకుంటే, “బేటీ, మైఁ బోల్‌రీ” అని ఆయన భార్య, మా చాచీ గొంతు వినిపించింది. ఆమెకు సొంత ఫోను లేదు. ఆయన ఫోనులోంచే చేశారు.

చిచ్చా అంటే హుస్సేనీ ఆలంలో మా గల్లీ మలుపు దగ్గర ఫొటో స్టూడియో నడిపిన మనిషి. గల్లీ అంతా ఆయన్ను అలాగే పిలిచేది. బుధవారం పొద్దున నమాజు చదువుకుని వచ్చి, స్టూడియోలో తన కుర్చీలో కూర్చుని, “జర చాయ్ దేవ్” అని లోపలికి కేకేశారట. చాచీ చాయ్ తెచ్చేసరికి ఆయన లేరు. ఆసుపత్రి లేదు, సూదులు లేవు, మంచాన పడడం లేదు. కళ్ళు పూర్తిగా మసకబారితే పని ఎట్లా అన్నదొక్కటే ఆయన ఫికర్. ఆ రోజు రాకముందే వెళ్ళిపోయారు. ఇలా అనుకోవచ్చో లేదో నాకు తెలియదు గానీ, ఆ వార్త విన్నప్పుడు నాకు ఏడుపుతో పాటు కొంచెం ఊరట కూడా కలిగింది.

“వో కంచన్‌బాగ్ వాలే పెద్దమనిషి రోజు ఫోన్ చేస్తున్నడు బేటీ,” అన్నారు చాచీ. “మీ చిచ్చా ‘దొరికింది’ అన్నడంట. ఏం దొరికిందో, ఏడ దొరికిందో నాకేమెరుక? రేపే వాళ్ళ ఇంట్ల పదకొండో రోజంట. జర వచ్చి పో.”

“వస్తున్న చాచీ,” అన్నాను.

ఏం దొరికిందో నాకు తెలుసు. ఎక్కడ దొరికిందో మాత్రం తెలియదు. ఆ సంగతి మీకు అర్థం కావాలంటే ముందు చిచ్చా పనితీరు చెప్పాలి.

మూడేళ్ళ కింద కాలేజీ అప్లికేషనుకు పాస్‌పోర్ట్ సైజు ఫొటో కోసం ఆ స్టూడియోకు వెళ్ళాను. ఫొటో తీశాక చిచ్చా నా చేతిలోని కాగితం వైపు చూశారు.

“గీ తెలుగు నువ్వే రాసినవా?”

“హా చిచ్చా.”

“దస్తూరి మస్తుంది. నాకు తెలుగు మాట్లాడనీకె వస్తది, రాయనీకె రాదు. ఉర్దూల రాసుకుంట, గది గిరాకీలకు రాదు. నువ్వు ఆదివారం ఆదివారం వచ్చి నాకు రాసిపెట్టు. నేను నీకు బాజా నేర్పిస్త.”

బాజా అంటే నాకు పెళ్ళి బ్యాండే గుర్తొచ్చింది. తీరా చూస్తే అది కంప్యూటర్లో పాటలు వినడానికీ సినిమాలు చూడడానికీ అందరూ వాడే మామూలు మీడియా ప్లేయర్. ఆయన తన పనిలో సగం దాంతోనే చేసేవారు. మౌస్‌ను చూహా, అంటే ఎలుక, అనేవారు. “చూహాను ఆడ వదిలెయ్, బాజా ఖోల్” అని ఆయన చెప్తుంటే కొత్తగా వచ్చినవాళ్ళు భయపడి కింద కాళ్ళ దగ్గర వెతుక్కునేవారు.

పెళ్ళి ఫొటోలు తీసుకొచ్చిన మర్నాడు వాటిని ఒక్కొక్కటిగా తెరిచి చూసేవారు కాదు. అన్నిటినీ ప్లేయర్లో వరసగా పెట్టి, ఒక్కోటి రెండు సెకన్లు నిలిచేటట్టు నడిపించేవారు. నోట్లో లవంగం, చేతిలో సాసరు, సాసరులో చాయ్. ఏ ఫొటో దగ్గర చాయ్ తాగడం ఆగిపోతే అది ఆల్బంలోకి వెళ్ళేది. “సోచ్ కే, ఆలోచన జేసి ఏరితే తప్పు ఏరుతం బేటా. చెయ్యి ఆగిందా లేదా, గదే చూడాలె” అనేవారు. నేను నవ్వేదాన్ని. తర్వాత ఒక ఆదివారం గమనిస్తే నిజంగానే ఆయన సాసరు మంచి ఫొటో దగ్గరే ఆగుతోంది.

కానీ చిచ్చా దగ్గరికి దూరం నుంచి కూడా జనం వచ్చింది వేరే పనికి. ఇంట్లో ఎవరో పోతారు. దండ వేయడానికి సరైన ఫొటో ఉండదు. ఆధార్ కార్డు మీద ఉన్న ముఖాన్ని ఇంటివాళ్ళే గుర్తుపట్టరు. ఎవరి పెళ్ళి వీడియోలోనో ఆ మనిషి ఒక్క క్షణం కనిపిస్తాడు, అంతే. ఆ వీడియోను ప్లేయర్లో పెట్టి, ఆపి, ఒక్కో ఫ్రేమే ముందుకు జరుపుతూ, ఆ క్షణంలోంచి ఒక ముఖాన్ని బయటికి తీసేవారు చిచ్చా. సెకనుకు ఇరవై అయిదు ఫ్రేములు. అందులో ఇరవై నాలుగింటిలో మనిషి రెప్ప వేస్తూనో, మెడ తిప్పుతూనో, నోరు తెరిచో ఉంటాడు.

ఫ్రేము జరపడానికి కీబోర్డు మీద ఇంగ్లీషు ‘E’ మీట నొక్కాలి. చిచ్చా కీబోర్డులో ఆ అక్షరం ఎప్పుడో చెరిగిపోయింది. ఇంకో సంగతి. ఆ మీట ముందుకే జరుపుతుంది, వెనక్కి రాదు. ఒక్క నొక్కు ఎక్కువైతే మళ్ళీ కొన్ని సెకన్లు వెనక్కి పోయి మొదటి నుంచి నొక్కుకుంటూ రావాల్సిందే. అందుకే ఆయన ఒక నోటుబుక్కు పెట్టుకున్నారు. వీడియో పేరు, గంట, నిమిషం, సెకను, దాని పక్కన కూడిక గుర్తు, ఎన్ని నొక్కులు. పద్నాలుగు నిమిషాల ఇరవై రెండో సెకను, ప్లస్ ఏడు. అంటే అక్కడికి వెళ్ళి ఏడుసార్లు నొక్కితే ఆ ముఖం వస్తుంది. దాని పక్క గడిలో ఆ ముఖం ఎలా ఉందో తెలుగులో ఒక్క మాట రాయాలి. ఆ గడి నాది.

మొదటి రోజు ఒక ముసలమ్మ ఫ్రేము చూసి ‘నవ్వింది’ అని రాశాను. ఏం రాశావో చదవమన్నారు. చదివాను.

“ఏడ నవ్వింది? మంచిగ చూడు.”

“పళ్ళు కనబడుతున్నయి కదా చిచ్చా.”

“పళ్ళు గాదు, కండ్లు చూడు. కండ్లు ఇంక నవ్వలే. నవ్వు వస్తున్నది, రాలే. దానికి తెలుగుల ఏం మాట లేదా?”

చాలాసేపు ఆలోచించి ‘నవ్వబోతున్నది’ అన్నాను. చిచ్చా కుర్చీలో వెనక్కి వాలి, “హౌ! గదీ మాటంటే” అన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి ఆ మాటను నా పుస్తకంలో పదిసార్లు రాసుకున్నాను. డిగ్రీలో తెలుగు తీసుకుంటానని మా బాపుకు చెప్పింది కూడా ఆ వారమే. నవ్వబోతున్నది, నవ్వు ఆపుకుంటున్నది, నవ్వి ఊరుకున్నది. ఈ మూడూ మూడు వేరు వేరు ముఖాలని నేను ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు.

ఒకసారి మా క్లాసు అబ్బాయి ఒకడు స్టూడియోకు వచ్చి, “చిచ్చా, గింత పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లు వచ్చినంక గూడ పాటలు వినేదాంట్ల పని చేస్తవేంది?” అని వెక్కిరించాడు. చిచ్చాకు కోపం రాలేదు. ముఖానికి మెరుగులు దిద్దే సాఫ్ట్‌వేర్ కూడా ఆయన దగ్గర ఉంది. మచ్చలు తుడవడానికీ, వెలుతురు సరిచేయడానికీ వాడతారు. “గది పనోడు బేటా, ఏం చెప్తే అది చేస్తది. గీ బాజా సీదా ఉంటది. ఉన్నదే చూపిస్తది. ముందుగాల ఉన్నది చూడాలె కదా?” అన్నారు.

నా పొరపాటు ఒకటి చెప్పాలి. కొన్ని పాత వీడియోల్లో బొమ్మ రెండు పక్కల నుంచీ నొక్కిపెట్టి, సన్నగా ఉంటుంది. ఆడించేటప్పుడు ప్లేయరే దాన్ని సరైన వెడల్పుకు సాగదీసి చూపిస్తుంది. ఫ్రేమును విడిగా తీస్తే మాత్రం నొక్కిపెట్టిన బొమ్మే వస్తుంది. అప్పటికి నాకిది తెలియదు. కిషన్‌బాగ్ నుంచి వచ్చిన ఒక కోడలి కోసం ఆమె అత్తగారి ఫ్రేము తీసి, చిచ్చాకు చూపకుండానే ప్రింటు వేసి ఇచ్చేశాను. ఆమె ఫొటోను దూరంగా పట్టుకుని చూసింది.

“మా అత్తమ్మ గింత సన్నగ ఎన్నడుంది? పోయినంక డైటింగ్ జేసిందా ఏంది?”

పక్కనే ఉన్న ఆమె భర్త పగలబడి నవ్వాడు. “ఉండనియ్యే. అమ్మకు గదే కోరికుండె. గిట్లనే ఫ్రేము కట్టిద్దాం.”

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. చిచ్చా మాత్రం నవ్వలేదు. ఫొటో తీసుకుని పక్కన పెట్టారు. “నక్కో బేటా. అమ్మ ఎట్లుండెనో గట్లనే ఉండాలె. సన్నగ చేసుడు మన పని గాదు.” వెడల్పు సరిచేసి మళ్ళీ ప్రింటు తీశారు. కోడలు దాన్ని చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “హా, గీమెనే. గిప్పుడు తిడతది జూడు నన్ను” అంది. ఆ మాట నవ్వుతూ అన్నదో ఏడుస్తూ అన్నదో ఇప్పటికీ చెప్పలేను.

ఇక చిచ్చా దగ్గర నేను అన్నిటికన్నా ఎక్కువగా చూసి నేర్చుకున్నది ఒక పద్ధతి. ముఖం దొరికాక ఆయన దాన్ని నేరుగా ప్రింటు తీసి చేతిలో పెట్టేవారు కాదు. వాళ్ళను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టేవారు. పది సెకన్ల ముందు నుంచి వీడియో ఆడించేవారు. మనిషి నడిచి రావాలి, అటూ ఇటూ తిరగాలి, తర్వాత ఆగాలి. అక్కడి నుంచి ఫ్రేములు ఒక్కోటీ తాను నొక్కి, ఆఖరి నొక్కు ముందు కీబోర్డును వాళ్ళ వైపు జరిపేవారు.

ఆటో నడిపే ఒకాయన తమ్ముడి ఫొటో కోసం వచ్చాడు. కీబోర్డు ముందుకు రాగానే చేతులు వెనక్కి తీసుకున్నాడు.

“నాకు కంప్యూటర్ రాదు చిచ్చా.”

“ఇంటి బెల్లు నొక్కనీకె వస్తది కదా? గంతే.”

నొక్కాడు. తెర మీద తమ్ముడు మెడలో కర్చీఫుతో, కళ్ళు చికిలించి ఆగాడు. ఆయన ఆ మీట మీద నుంచి వేలు తీయలేదు. తీస్తే తమ్ముడు కదిలిపోతాడనుకున్నాడో ఏమో. చాలాసేపటికి చిచ్చాయే మెల్లగా ఆ వేలు ఎత్తి పక్కన పెట్టారు. ఆయన వెళ్ళాక నేను అడిగాను, మనమే నొక్కితే పని తొందరగా అవుతుంది కదా అని. “నేను ఆపితే గది నా ఫొటో అయితది. ఆయన ఆపితే ఆయన తమ్ముడైతడు” అన్నారు చిచ్చా, మానిటరును కుర్తా చేతితో తుడుస్తూ.

ఇప్పుడు కంచన్‌బాగ్ పెద్దమనిషి సంగతి. అక్కడి లోహాల ఫ్యాక్టరీలో మా బాపుతో కలిసి వెల్డరుగా పని చేసి రిటైరయ్యారు. బాపు ఆయన్ను అన్నా అంటాడు, కాబట్టి నాకు పెద్దబాపు. పది రోజుల కింద పెద్దమ్మ పోయింది. కెమెరా కనబడితే కొంగు అడ్డం పెట్టుకునే మనిషి ఆమె. విడిగా తీసిన ఫొటో అన్నది లేదు. మనవడు ఫోనులో ఏదో యాప్ పెట్టి, గ్రూపు ఫొటోలో సగం కనిపించే ఆమె ముఖంతో కొత్త ముఖమొకటి తయారుచేశాడు. కళ్ళు తెరిపించాడు, నవ్వించాడు. పెద్దబాపు దాన్ని చూసి, “గీమె ఎవలురా?” అని అడిగారట.

బాపే ఆయన్ను చిచ్చా దగ్గరికి తీసుకొచ్చాడు. బంధువుల పెళ్ళి వీడియో ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. మంగళవారం సాయంత్రం చిచ్చా ఆయనకు ఫోను చేసి “మిల్‌గయా, దొరికింది. మీరు వచ్చి చూడుండ్రి” అన్నారు. మర్నాడు పొద్దున చిచ్చా లేరు.

ఇవాళ స్టూడియోకు వెళ్ళేసరికి చాచీ లోపలి గుమ్మంలో నిలబడి ఉన్నారు. భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉన్నారు, బయటికి రారు. స్టూడియో వెనక తలుపు ఇంట్లోకే తెరుచుకుంటుంది. అక్కడి నుంచే నోటుబుక్కు, పెన్‌డ్రైవ్, తాళాలు నా చేతికిచ్చారు. నోటుబుక్కు ఆఖరి వరసలో ఒక గంట, పన్నెండు నిమిషాలు, నలభై సెకన్లు, ప్లస్ పదకొండు అని ఉంది. పక్కన ఉర్దూలో ఏదో చిన్నగా రాసి ఉంది. నా గడి ఖాళీగా ఉంది.

చిచ్చా కంప్యూటర్ తెరుచుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. నా ల్యాప్‌టాప్ కొత్తది, ప్లేయర్ కూడా అదే. పెన్‌డ్రైవూ నోటుబుక్కూ ఇంటికి తీసుకెళ్ళి వీడియో పెట్టాను. నలభయ్యో సెకనుకు వెళ్ళి పదకొండు నొక్కాను. తెర నిండా కొంగు. ఇంకా ముందుకు నొక్కాను. వంగి వడ్డిస్తున్న వీపు. వెనక్కి జరిపితే అది మరీ వెనక్కి, ఎక్కడికో పోయింది. రెండు గంటలు వెతికాను. ఎక్కడ ఆపినా కొంగు, చెయ్యి, గరిటె, మూసిన కన్ను.

అప్పుడే పెద్దబాపు ఫోను చేశారు.

“బిడ్డా, గది దొరికిందా? దొరకకుంటే ఫికర్ జెయ్యకు. మనవడు చేసిందే పెట్టుకుంట.”

“దొరికింది పెద్దబాపూ. రేపు పొద్దుగాల రండి, చూద్దురు,” అన్నాను.

అబద్ధం చెప్పాను. నా మాట పోతే పోనీ. చిచ్చా ఆఖరిసారి ఒక మనిషికి చెప్పిన మాట ‘దొరికింది’ అన్నది. అది నా చేతిలో అబద్ధమైపోతుంది. రేపు ఆ ఇంట్లో దండ ఎవరో తెలియని ఆమెకు పడుతుంది.

మళ్ళీ స్టూడియోకు పరుగెత్తాను. చాచీ నా ముఖం చూసి నోటుబుక్కు తీసుకున్నారు. కళ్ళద్దాలు పెట్టుకుని ఆ వరస మీద వేలు పెట్టారు.

“గిది చదవలేదా నువ్వు?”

“నాకు ఉర్దూ రాదు కదా చాచీ. నంబర్లు చూసిన.”

“మూడేండ్ల సంది వస్తున్నవ్. నంబర్లే చూస్తవా? గిక్కడ రాసే పెట్టిండు. ‘అప్నీ మిషిన్ పేచ్. ఆవాజ్ ఖోల్ కే.’ మన మిషన్ మీదనే చూడమన్నడు. ఆవాజ్ పెట్టి చూడమన్నడు.”

నాకు సిగ్గేసింది. తెలుగు మాటల వెంట పడి తిరిగే నేను, పక్క గడిలో ఆయన రాసుకున్న మాటను మూడేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

చిచ్చా కంప్యూటర్ తన పది నిమిషాలు తీసుకుని తెరుచుకుంది. తర్వాత సెట్టింగులు పోల్చి చూస్తే అర్థమైంది. నా ల్యాప్‌టాప్ ప్లేయర్ చెప్పిన సెకనుకు కాక, దగ్గర్లో తనకు వీలైన చోటికి దూకుతుంది. చిచ్చా తన దాంట్లో ఆ దూకుడు మాన్పించి పెట్టుకున్నారు. ఆవాజ్ పెట్టాను. వెతికేటప్పుడు ఆయన ఎప్పుడూ ఆవాజ్ తీసేసేవారు. “లేకుంటే కన్ను చెవి వెంబడి పోతది” అనేవారు. దీన్ని మాత్రం పెట్టి చూడమని ఎందుకు రాశారో అనుకుంటూ, పది సెకన్ల ముందు నుంచి ఆడించాను.

బ్యాండు చప్పుడు, గిన్నెల చప్పుడు, ఎక్కడో పిల్లాడి ఏడుపు. పెద్దమ్మ గరిటెతో వరస వెంట వస్తోంది, కొంగు పళ్ళ మధ్య బిగించి. అప్పుడు కెమెరాకు బాగా దగ్గరగా ఒక మగ గొంతు వినిపించింది. “ఇగో, గిటు జూడు!”

ఆ గొంతు నాకు తెలుసు. గంట కింద ఫోనులో విన్నాను. ఇప్పుడు కొంచెం ముసలిదయింది, అంతే.

నలభయ్యో సెకను దగ్గర ఆపాను. ఒకటి, రెండు, మూడు. కొంగు పళ్ళ మధ్య నుంచి జారింది. ఏడు, ఎనిమిది. తల తిరుగుతోంది. పది. రెప్పలు లేస్తున్నాయి. పదకొండు.

పెద్దమ్మ సూటిగా చూస్తోంది. కనుబొమ్మలు కొంచెం పైకి లేచి, పెదవులు విడిపడి ఉన్నాయి. కోపం కాదు, నవ్వూ కాదు. పిలిచినవాడికి ‘ఏంది?’ అని జవాబు ఇవ్వడానికి ముందు ఉండే ముఖం. నేను బల్ల అంచు మీద తల వాల్చేశాను. గుమ్మంలోంచి చాచీ కంగారుగా, “క్యా హువా? లేదా?” అని అడిగారు. “ఉంది చాచీ, ఉంది. చిచ్చా ‘దొరికింది’ అన్నది నిజమే,” అన్నాను. చాచీ గుమ్మానికి ఆనుకుని అక్కడే కూర్చుండిపోయి, “షుకర్ హై” అన్నారు. కాసేపటికి లేచి ఇద్దరికీ చాయ్ తెచ్చారు. సాసరులో పోసుకుని తాగాం. నాలుగు రోజుల్లో ఆమె చాయ్ తాగడం అదే మొదటిసారని తర్వాత చెప్పారు.

నోటుబుక్కులో నా గడి నింపాను. చాలా మాటలు అనుకుని, కొట్టేసి, చివరికి ఒకటి రాశాను: ‘పలకబోతున్నది’. చాచీకి చదివి వినిపించాను. పక్కన ఉర్దూలో ‘ఆవాజ్’ అన్నది ఏ అక్షరాలో అడిగి, వేలితో దిద్దుకున్నాను.

ఫ్రేమును వెడల్పు సరిచూసి దాచాను. ప్రింటరులో కాగితం పెట్టాను. అద్దం తుడిచిన ఫ్రేము బల్ల మీద ఉంది. ప్రింటు మాత్రం ఇంకా తీయలేదు.

రేపు పొద్దున ఆరింటికి షట్టర్ ఎత్తుతాను. ఆ కంప్యూటర్ తెరుచుకోవడానికి టైం పడుతుంది కదా. ఏడింటికి పెద్దబాపు వస్తారు, బాపు తీసుకొస్తానన్నాడు. చాచీ పరదా వెనక నుంచి వింటానన్నారు. పెద్దబాపును చిచ్చా కుర్చీ పక్కన కూర్చోబెడతాను. ఆవాజ్ పెట్టి, పది సెకన్ల ముందు నుంచి ఆడిస్తాను. ఆయన గొంతు ఆయనకే వినిపిస్తుంది. తర్వాత పది నొక్కులు నేను నొక్కి, అక్షరం చెరిగిన ఆ మీటను ఆయన వైపు జరుపుతాను.